లారీ బెర్త్‌కు కొత్త పరుపు: కొలత దగ్గర్నుంచి కుట్టు దాకా

లారీ డ్రైవర్లు, సొంత బండి నడుపుకునేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది: "బెర్త్ మీద పరుపు కుంగిపోయింది, పడుకుంటే కింద చెక్క తగులుతోంది. ఏ పరుపు వేయించాలి?" పరుపు పేరు ఒకటి చెప్పేస్తే సరిపోదు. మీ క్యాబిన్ కొలత, మీ బరువు, మీరు తిరిగే రూటు తెలియకుండా ఎంత మంచి పరుపు కొన్నా పని చేయదు. అందుకే మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

ఒక్క మాట మాత్రం ముందే గుర్తుపెట్టుకోండి. దుకాణంలో చేత్తో నొక్కి, మెత్తగా ఉంది కదా అని తీసుకోవద్దు. చేత్తో నొక్కినప్పుడు మెత్తగా అనిపించే చవక ఫోమ్ కొన్నాళ్లకే తుంటి కింద గుంట పడుతుంది. బెర్త్ పరుపుకు మూడే పరీక్షలు: తుంటి కింద చెక్క తగలకూడదు, చెమట ఆరిపోవాలి, క్యాబిన్‌లో వేరే ఏ పనికీ అడ్డు రాకూడదు.

సీట్ల వెనక అడ్డంగా ఒక బెర్త్ ఉండే మామూలు స్లీపర్ క్యాబిన్‌ను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాను. టాటా, అశోక్ లేలాండ్, భారత్‌బెంజ్, ఐషర్ ఏదైనా పద్ధతి ఒక్కటే. బాడీ షెడ్డులో కట్టించిన పాత చెక్క క్యాబిన్లకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే వాటిలో మూలలు సరిగా ఉండవు కాబట్టి కొలత దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టాలి.

కావలసినవి

- కొలత టేపు, మార్కర్ పెన్ను
- పాత అట్టపెట్టెలు లేదా న్యూస్‌పేపర్లు, అంటించే టేపు
- చేతికి వేలాడదీసే చిన్న తూకం (లగేజీ తూచేది చాలు)
- టార్చ్‌లైటు
- కొలిచేటప్పుడు సాయానికి ఇంకొకరు

1. ముందు పరుపు తీసి చెక్క చూడండి

పరుపు మార్చాలనుకున్నవాళ్లలో చాలామందికి అసలు లోపం పరుపు కింద ఉంటుంది. పాతది పూర్తిగా బయటికి తీసి టార్చ్ వేసి చూడండి. ప్లైవుడ్ మధ్యలో వంగిందా, పగిలిందా, స్క్రూ తల పైకి లేచిందా, కిటికీ రబ్బరు దగ్గర్నుంచి నీళ్లు కారిన మరక ఉందా? అరచేత్తో పలక మొత్తం నొక్కుతూ వెళ్లండి. ఊగే చోటు ఉంటే ముందు అది బిగించాలి. వంగిన పలక మీద ఎంత ఖరీదైన పరుపు వేసినా నడుము గుంటలోకే జారుతుంది.

పలక సందుల్లో, పాత పరుపు కుట్టు వెంబడి చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులు ఉన్నట్టే. పాత పరుపును మళ్లీ క్యాబిన్‌లోకి తేవద్దు. సందులన్నీ శుభ్రం చేయించాకే కొత్తది వేయండి. నల్లుల మందు కొట్టిన రోజు తలుపులు తెరిచి ఉంచాలి, ఆ రాత్రి క్యాబిన్‌లో పడుకోకూడదు.

పలకకు గాలి రంధ్రాలు లేకపోతే అంగుళం వెడల్పు రంధ్రాలు అరడుగుకొకటి వేయించడం మంచిది. కింద నుంచి గాలి ఆడకపోతే చెమట తేమంతా పరుపు అడుగున నిలిచి బూజు పడుతుంది.

హెచ్చరిక: పలక పైకెత్తి కింద ఏముందో చూడకుండా డ్రిల్లు పెట్టవద్దు. వైర్లు, గాలి పైపులు అక్కడి నుంచే పోతుండొచ్చు. ఇంజిన్ వేడి నేరుగా తగిలే చోట కూడా రంధ్రాలు వద్దు.

2. పాత పరుపును కాదు, క్యాబిన్‌ను కొలవండి

ఎక్కువమంది చేసే తప్పు పాత పరుపును షాపుకు పట్టుకెళ్లి "ఇదే సైజు" అనడం. ఏళ్ల తరబడి నలిగిన పరుపు అంచులు సాగిపోయి ఉంటాయి, మధ్యలో కుదించుకుపోయి ఉంటుంది. దాని కొలత నమ్మడానికి లేదు.

పలక పొడవును మూడు చోట్ల కొలవండి: వెనక గోడ వైపు, మధ్యలో, సీట్ల వైపు. వెడల్పు కూడా అలాగే: రెండు చివరలా, మధ్యలో. ఈ కొలతలు ఒకదానితో ఒకటి కలవకపోవడం మామూలే. క్యాబిన్ గోడ లోపలికి వంగి ఉంటుంది, మూలల్లో బెల్టు అమరికలు, ట్రిమ్ ముక్కలు పొడుచుకొస్తాయి.

తర్వాత డ్రైవర్ సీటును మీరు నడిపేటప్పుడు ఎంత వెనక్కి పెట్టుకుంటారో అంత పెట్టి, వీపు భాగం కూడా అంతే వాల్చి చూడండి. సీటు వెనక భాగం బెర్త్ అంచుకు తగులుతోందా? తగిలితే పరుపు వెడల్పు అక్కడికే ఆపాలి. పరుపు కోసం సీటును ముందుకు జరుపుకుని నడపడం అసలు వద్దు. మోకాళ్లూ నడుమూ రెండూ దెబ్బతింటాయి.

ఇక ఎత్తు. పలక మీద కూర్చుని తల పైన ఎంత ఖాళీ ఉందో చూడండి. పరుపు ఎంత మందం ఉంటే తల అంత పైకి పోతుంది. వెనక కిటికీ గానీ పక్క గాలి కంత గానీ మూసుకుపోకూడదు.

3. అట్టతో నమూనా కోయండి

పలక దీర్ఘచతురస్రంగా ఉంటే ఈ మెట్టు వదిలేయండి. మూలల్లో కోతలు ఉంటే మాత్రం తప్పదు. అట్టముక్కల్ని టేపుతో కలిపి పలక మీద పరిచి, మూలల దగ్గర కత్తిరించుకుంటూ సరిగ్గా కూర్చునేలా చేయండి. అయ్యాక అట్ట మీద పెద్ద అక్షరాలతో మూడు మాటలు రాయండి: "పైవైపు", "డ్రైవర్ వైపు", "వెనక గోడ".

ఈ మూడు మాటలు చిన్న విషయం అనిపిస్తాయి. రాయకపోతే ఏం జరుగుతుందంటే, షాపులో అట్టను తిరగేసి ఫోమ్ మీద పెట్టి గీస్తారు. డ్రైవర్ వైపు రావాల్సిన కోత క్లీనర్ వైపు వస్తుంది. ఫోమ్‌ను బోర్లా వేసి వాడదామన్నా, రెండు పొరల పరుపైతే గట్టి పొర పైకొస్తుంది. కోసిన ఫోమ్ వెనక్కి తీసుకోరు.

పరుపు కవరుతో కలిపి పొడవులో పలక కంటే అర అంగుళం తక్కువ ఉండేలా చెప్పండి. వెడల్పులో ఒక్క దారం కూడా బయటికి రాకూడదు. పలక కింద సామాను పెట్టుకునే అర మూత తెరవడానికి, పరుపు తీసి దులపడానికి ఆ అర అంగుళం కావాలి.

4. మందం తేల్చుకోండి

నా లెక్క ఇది. మనిషి బరువు 80 కిలోల లోపు ఉంటే 4 అంగుళాలు చాలు. అంతకు మించితే, తల పైన ఖాళీ ఉంటే, 5 అంగుళాలు. 3 అంగుళాలు గట్టి రకం ఫోమ్ అయితేనే, అదీ వెల్లకిలా పడుకునేవాళ్లకే. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే భుజం, తుంటి ఎక్కువ లోపలికి దిగుతాయి కాబట్టి 4కు తగ్గవద్దు.

6 అంగుళాలు వేయించుకుంటే ఇంట్లో మంచంలా ఉంటుందని ఆశపడేవాళ్లున్నారు. బెర్త్ వెడల్పు రెండడుగుల దగ్గర ఉండేచోట మందమైన మెత్తటి పరుపు అంచు మీదికి జరిగితే ఒరిగిపోతుంది, మనిషి సీట్ల మధ్యకు జారతాడు.

5. రకం ఎంచుకోండి

*హెచ్ఆర్ (హై రెజిలియెన్స్) ఫోమ్ లేదా 40 డెన్సిటీ ఫోమ్.* డెన్సిటీ అంటే ఏమిటో 6వ మెట్టులో చెబుతాను. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. నొక్కి వదిలితే వెంటనే లేస్తుంది, కోయడం తేలిక, బరువు తక్కువ.

*రెండు పొరలు.* కింద 2 అంగుళాల రీబాండెడ్ ఫోమ్, పైన 2 అంగుళాల హెచ్ఆర్. రీబాండెడ్ అంటే ఫోమ్ తునకల్ని కలిపి నొక్కి చేసినది, రంగురంగుల మచ్చలతో కనిపిస్తుంది. ఒంటరిగా వాడితే బాగా గట్టిగా ఉంటుంది గానీ కింది పొరగా దీనికి సాటి లేదు, తుంటిని చెక్క దాకా పోనివ్వదు. నెలలో సగం రాత్రులు బండిలోనే గడిపేవాళ్లకు నేను చెప్పేది ఇదే. 80 కిలోలు దాటితే పై పొర 3 అంగుళాలు.

*కాయర్.* రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు. గాలి బాగా ఆడుతుంది, ఎండాకాలం హాయి. కానీ మడవకూడదు, మడిస్తే పీచు విరిగి పొట్టు రాలుతుంది. బెర్త్ మడత పెట్టాల్సిన బండికి పనికిరాదు. వెన్ను కింద గట్టిగా ఉండాలని కోరుకునేవాళ్లు పైన అంగుళం ఫోమ్‌తో వేయించుకోవచ్చు.

*మెమరీ ఫోమ్.* క్యాబిన్‌కు నేను వద్దనే అంటాను. వేడికి మరీ మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. మే నెలలో రామగుండంలో ఎండకు నిలబెట్టిన బండి, డిసెంబరులో ఢిల్లీ రోడ్డు మీద ఉన్న బండి ఒక్కటే కావచ్చు కదా. పైగా ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది.

*లేటెక్స్.* రబ్బరు పాలతో చేసే ఫోమ్. మన్నిక ఉంది, గాలి రంధ్రాలూ ఉంటాయి. బరువు, ధర రెండూ ఎక్కువ. పరుపు ఎత్తి కింద సామాను తీసే పని రోజూ ఉంటే ఆలోచించుకోండి.

*స్ప్రింగు పరుపు.* వద్దు. కోయడం కుదరదు, కుదుపులకు చప్పుడు చేస్తుంది.

*దూది పరుపు.* చవక, చెమట పీలుస్తుంది, చుట్టి పక్కన పెట్టొచ్చు. కానీ దూది ఉండలు కడుతుంది, మళ్లీ ఏకించాలి, వారానికోసారైనా ఎండ చూపించాలి. లైన్ మీద తిరిగేవాళ్లకు అంత తీరిక దొరకదు. దూది మీద మమకారం ఉంటే ఫోమ్ పైన ఒక పాత చీరల బొంత పరుచుకోండి. ఆ రెండూ కలిస్తే ఎండాకాలం రాత్రికి చాలా బాగుంటుంది, బొంతను ఎక్కడైనా ఉతికి ఆరేసుకోవచ్చు.

6. డెన్సిటీని తూకం వేసి నమ్మండి

ఫోమ్ విషయంలో మోసం జరిగేది ఇక్కడే. షాపువాళ్లు "40 డెన్సిటీ" అంటారు, కవర్లో వచ్చేది 23 ఉంటుంది. కంటితో తేడా తెలియదు, తూకంతో తెలుస్తుంది. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క, అంతే.

6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ఫోమ్ సరిగ్గా 4 ఘనపుటడుగులు. కవరు లేకుండా తూస్తే:

- 40 డెన్సిటీ అయితే సుమారు 4.5 కిలోలు
- 32 డెన్సిటీ అయితే సుమారు 3.6 కిలోలు
- 23 డెన్సిటీ అయితే సుమారు 2.6 కిలోలు

మీ కొలత వేరైతే పొడవు, వెడల్పు, మందం మూడూ అడుగుల్లోకి మార్చి గుణించండి. 4 అంగుళాలంటే అడుగులో మూడో వంతు. వచ్చిన ఘనపుటడుగుల్ని 40 డెన్సిటీకి 1.13తో, 32కు 0.9తో గుణిస్తే ఎన్ని కిలోలు ఉండాలో వస్తుంది. వంద, నూటయాభై గ్రాములు అటూఇటూ పట్టించుకోకండి. అరకిలో, అంతకు మించి తేడా వస్తే మాత్రం అది ఆ ఫోమ్ కాదు.

తూకం ఒక్కటే చూసినా చాలదు. బరువు పెంచడానికి సుద్దపొడి లాంటివి కలిపిన ఫోమ్ కూడా ఉంటుంది. పిడికిలితో బలంగా నొక్కి పది అంకెలు లెక్కపెట్టి వదలండి. మంచి ఫోమ్ వెంటనే లేస్తుంది. గుంట నెమ్మదిగా లేచినా, అంచు గిల్లితే పొడి రాలినా తీసుకోవద్దు.

డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. ఒకే డెన్సిటీలో మెత్తటిదీ గట్టిదీ రెండూ దొరుకుతాయి. డెన్సిటీ మన్నిక చెబుతుంది, గట్టిదనం మీ ఒంటికి సరిపోతుందో లేదో పడుకుంటేనే తెలుస్తుంది. కాబట్టి షాపులో ఫోమ్‌ను నేల మీదో బల్ల మీదో పరిపించి, దాని మీద పడుకుని చూడండి. మొహమాటపడకండి, డబ్బు పెట్టేది మీరు.

7. కవరు కుట్టించండి

విజయవాడ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్, హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్ లాంటి చోట్ల సీట్లు కుట్టే షాపులు వరసగా ఉంటాయి. వాళ్లను కవరు అడిగితే మొదట చూపించేది రెగ్జిన్. సీటుకు రెగ్జిన్ బాగానే ఉంటుంది, పడుకునే పరుపు పైభాగానికి వద్దు. చెమట పీల్చదు, వేడెక్కి ఒంటికి అంటుకుంటుంది. తుడిస్తే పోతుంది కాబట్టి రెగ్జినే కావాలనిపిస్తే, పరుపు పక్క అంచులకు మాత్రం వేయించండి.

షాపులో ఇలా చెప్పండి:

- పైన మందపాటి కాటన్ బట్ట
- సీట్ల వైపు అంచుకు గాలి ఆడే జాలీ బట్ట
- అడుగున జారకుండా రబ్బరు చుక్కలున్న బట్ట
- జిప్పు ఒక పొడవు వైపు, ఒక వెడల్పు వైపు కలిపి. ఒక్క చివరే పెడితే ఫోమ్ దూర్చడానికి తల ప్రాణం తోకకొస్తుంది
- నాలుగు మూలలా కట్టుకోవడానికి గట్టి నాడాలు లేదా వెల్క్రో పట్టీలు

నాడాలు మర్చిపోవద్దు. ఇంజిన్ పని కోసం క్యాబిన్ ముందుకు వంచినప్పుడు కట్టని పరుపు జారి అద్దం మీద, డ్యాష్‌బోర్డు మీద పడుతుంది. దానితో పాటు దాని మీద పెట్టినవన్నీ పడతాయి.

రెండు కవర్లు కుట్టించుకోండి. గుంటూరు మిర్చి లోడుకు వెళ్లినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. బస్తాలు ఎక్కించాక ఆ బట్టలతోనే బెర్త్ మీద వాలితే మిర్చి దుమ్ము బట్టలో దిగిపోయి, మర్నాడు ముఖం ఆనించగానే కళ్లు మండుతాయి. సిమెంటు, బూడిద లోడ్లకూ అదే బాధ. ఒకటి ఉతుకులో ఉంటే ఇంకొకటి పరుపు మీద ఉండాలి.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతి (లోడుతో కలిపి మూడున్నర టన్నులు దాటే) లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. మీది అలాంటి కొత్త బండి అయినా కాటన్ కవరే వేయండి. ఏసీ ఆపిన తర్వాత లోపల తేమ చేరుతుంది, గాలి ఆడే బట్టే త్వరగా ఆరుతుంది.

బెర్త్ మూత కింద టూల్స్ పెట్టుకునేవాళ్లు పరుపును రెండు ముక్కలుగా చేయించి బట్టతో కలిపి కుట్టించవచ్చు. అతుకు మాత్రం తుంటి కిందికి రాకూడదు. పడుకుని మోకాలు ఎక్కడికొస్తుందో గుర్తు పెట్టి, అతుకు అక్కడ పెట్టించండి.

పొరలు అంటించేటప్పుడు జిగురు అంచుల్లో, అక్కడక్కడ చుక్కలుగా చాలు. మొత్తం పూస్తే ఎండిన తర్వాత జిగురే గట్టి రేకులా మారి గాలి ఆపేస్తుంది.

8. వేసే ముందు గాలికి పెట్టండి

ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కవరు తీసేయండి. కొత్తగా ఉంటుందని దాన్నలాగే ఉంచి పైన దుప్పటి వేసుకునేవాళ్లు ఎంతోమంది. రాత్రంతా చెమటలో నానడం తప్ప దానివల్ల లాభం లేదు. ఫోమ్‌ను రెండు మూడు రోజులు నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టండి, జిగురు వాసన పోతుంది. నేరుగా ఎండలో పెట్టవద్దు. ఎండకు ఫోమ్ పసుపెక్కి పొడి రాలుతుంది. ఎండ కావాల్సింది దూది పరుపుకే.

హెచ్చరిక: ఫోమ్ నిప్పు అంటుకుంటే చాలా వేగంగా కాలుతుంది, ఆ పొగ విషం. బెర్త్ దగ్గర దోమల చుట్ట వెలిగించవద్దు, క్యాబిన్‌లో స్టవ్ వెలిగించవద్దు, పడుకుని బీడీ, సిగరెట్టు కాల్చవద్దు. దోమలకు కిటికీలకు జాలీ కట్టించండి. వాహనాల లోపల వాడే బట్ట, ఫోమ్ ఎంత వేగంగా కాలొచ్చో చెప్పే ప్రమాణం ఐఎస్ 15061. ఆ ప్రమాణానికి సరిపోయే మెటీరియల్ ఉందా అని షాపులో అడగండి. ఉంటే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

9. వేశాక సరిచూసుకోండి

బండి సమంగా ఉన్నచోట ఆపి ఈ పరీక్షలు చేయండి.

తుంటి పరీక్ష: బెర్త్ మధ్యలో మోకాలు ఆనించి ఒంటి బరువంతా దాని మీద వేయండి. చెక్క గట్టిగా తగిలితే పొర చాలలేదు. కింద ఒక అంగుళం రీబాండెడ్ చేర్చండి, మొత్తం మార్చనక్కర్లేదు.

నడుము పరీక్ష: వెల్లకిలా పడుకుని నడుము కిందికి చెయ్యి దూర్చండి. చెయ్యి ధారాళంగా దూరి ఇంకా ఖాళీ మిగిలితే పరుపు మరీ గట్టి, పైన అంగుళం మెత్తటి పొర కావాలి. చెయ్యి అసలు దూరకపోతే మరీ మెత్తన. కొంచెం బిగువుగా దూరితే సరిపోయింది.

క్యాబిన్ పరీక్ష: సీటు వెనక్కి వాల్చండి, కింద మూత తెరవండి, బెల్టు లాగి వదలండి. బెల్టు పరుపు అంచుకు చిక్కుకుంటే అంచు కోయించాల్సిందే. క్యాబిన్ వంచే అవకాశం ఉంటే నాడాలు పట్టి ఉంచుతున్నాయో లేదో కూడా చూసుకోండి.

తేమ పరీక్ష: వారం వాడాక పొద్దున్నే పరుపు ఎత్తి అడుగున అరచెయ్యి పెట్టండి. తడిగా తగిలితే కింద గాలి చాలడం లేదు. రోజూ లేవగానే పరుపును గోడకు ఆనించి అరగంట నిలబెట్టే అలవాటు చేసుకోండి, పలకకు రంధ్రాలు పెంచండి.

నెల తర్వాత ఒక తిన్నని కర్రను పరుపు మీద పొడవునా ఆనించి, తుంటి దగ్గర కర్రకూ పరుపుకూ మధ్య ఎంత సందుందో కొలవండి. అర అంగుళం లోపు ఉంటే మామూలే. అంగుళం దాటితే ఫోమ్ తక్కువ రకం, తూకం వేసిన కాగితం, బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లండి. అందుకే కొన్నరోజే బిల్లు మీద డెన్సిటీ, మందం రాయించుకోవాలి. ఉత్త "పరుపు 1" అని రాసిచ్చిన బిల్లుతో ఏమీ అడగలేరు. మూలల్లో కోతలు లేకపోతే, గుంట పడకపోయినా నెలకోసారి తల వైపు కాళ్ల వైపుకు తిప్పి వేయండి. ఒకే పొర పరుపైతే ఫోమ్‌ను బోర్లా కూడా తిప్పొచ్చు.

ఇప్పుడు డబ్బు సర్దుబాటు కాకపోతే మొత్తం మార్చకుండా పాత పరుపు కవరు విప్పి చూడండి. ఫోమ్ పొడి రాలకుండా, వాసన లేకుండా, ఒక్క తుంటి దగ్గరే కుంగి ఉంటే, దాన్ని తలకిందులుగా తిప్పి కింద అంగుళం రీబాండెడ్ పొర వేయించండి, కొన్ని నెలలు నడుస్తుంది. వాసన వస్తున్నా, నల్లులు కనిపించినా, తడిసి మధ్యలో ఆరకుండా ఉన్నా దానికి ఇక మరమ్మతు లేదు, బయట పడేయండి.